ఆళ్లగడ్డ బూట్ల కేసు

నంద్యాలలో బంగారం పోతే పోలీస్ స్టేషన్ కదులుతుంది. బూట్లు పోతే నవ్వుతుంది.

ఆ మంగళవారం మాత్రం ఎవరూ నవ్వలేదు. పోయినవి పవన్ గారి అంగట్లో బూట్లు. దొర్నిపాడు దగ్గర కాలవ కింద తరాలుగా మాగాణి ఉన్న ఇల్లు వాళ్ళది. ఉదయం ఏడున్నరకే ఎస్సై గోవిందమ్మకు ఇద్దరు పెద్దమనుషులు ఫోన్ చేశారు. ఇద్దరిదీ ఒకే మాట. "ఆ ఆళ్లగడ్డ పిల్లను సాయంత్రంలోగా లోపలెయ్యండి."

దొంగతనం చూడకముందే దొంగ పేరు చెప్పే వాళ్ళంటే గోవిందమ్మకు ఒళ్ళు మంట. కానిస్టేబుల్‌గా చేరి, ఇలాంటి ఫోన్లకు సెల్యూట్ కొట్టే అధికారులను చూసి చూసి, ఎస్సై అయిన మనిషి ఆమె. ఫోన్ జేబులో వేసుకుంది. కానిస్టేబుల్ జోసెఫ్‌ను తీసుకుని జీపెక్కింది.

అంగడి పేరు 'హేమ్స్ బూట్ స్టూడియో'. లోపల ఏసీ. గాజు షెల్ఫులు. ఒక్కొక్క బూటు మీద, దేవుడి పటానికి వేసినట్టు, విడిగా ఒక లైటు. బిల్లింగ్ మిషన్ వెనక లక్ష్మీదేవి, బంతిపూల దండ. ప్రీ-వెడ్డింగ్ షూటింగులకు అహోబిలం కొండలెక్కే కొత్త జంటలు ఇక్కడే కొంటారు. నల్లరేగడి బురదలో ఒక్కనాడూ దిగని కాళ్ళకు, గుర్రపు రౌతులు తొడుక్కునే బూట్లు. గోవిందమ్మ పెదవి విరిచింది.

పెట్టుబడి పవన్‌ది. ఆలోచన అతని భార్య హేమలతది. ఆ బూట్లను గీసి, కోసి, కుట్టేది ఆళ్లగడ్డలోని ఫెబా.

"షట్టర్ పగలగొట్టలేదు మేడమ్. తాళంచెవితోనే తీసినారు," అన్నాడు జోసెఫ్.

"తాళంచెవులు ఎవరెవరి దగ్గరుండాయి?"

"నాదొకటి, మా ఆయనదొకటి, ఫెబాదొకటి," అంది హేమలత.

"కెమెరా?"

"వైరు పీకేసినారు," అన్నాడు పవన్.

"ఏం పోయినాయి?"

"లోపలి గదిలో కొత్త సరుకు. ముప్పై డబ్బాలు. అన్నీ ఫెబా కొత్త డిజైన్లే." హేమలత లోపలి గది వైపు చూపించింది. "రేపు లాంచ్ మేడమ్. బోర్డు కూడా మారుస్తాండాం. 'హేమ్ అండ్ ఫెబా' అని."

పవన్ ఫోన్ చూసుకుంటున్నాడు.

"మీ అనుమానం?"

"అనుమానం కాదు, గ్యారంటీ," అన్నాడతను తల ఎత్తి. "ఆళ్లగడ్డలో సొంత అంగడి పెట్టుకోవాలని దాని ప్లాను. మా సరుకు ఎత్తకపోయి ఆడ పెట్టుకుంటాది. ఆ జనం బుద్ధి యాడికి పోతాది మేడమ్?"

"ఏ జనం?"

"అంటే... వాళ్ళు."

"వాళ్ళంటే?"

పవన్ మళ్ళీ ఫోన్‌లోకి పోయాడు.

గోవిందమ్మ హేమలత వైపు తిరిగింది. "నువ్వేమంటావు? రోజూ కలిసి పనిచేసే దానివి. ఆమె తీసింటాదా?"

హేమలత చున్నీ కొస వేలికి చుట్టుకుంది. "ఏమో మేడమ్. తాళంచెవి ఆమె దగ్గర కూడా ఉంది గదా."

అంతే. మూడేళ్ళ స్నేహం ఒక్క 'ఏమో' పాటి చేయలేదు.

గోవిందమ్మ షెల్ఫుల వెంట నడిచింది. మోకాళ్ళ దాకా వచ్చే ఎర్ర బూట్లు, జత పద్దెనిమిది వేలు. చెక్కు చెదరలేదు. పక్కన గోధుమరంగు జత. అదీ అక్కడే ఉంది. బయట పెట్టిన వాటిలో ఒక్కటీ పోలేదు.

"మేడమ్, ఇదేందో చూడండి!" జోసెఫ్ వెనక తలుపు దగ్గర నుంచి అరిచాడు.

బెంచీ కింద ఒంటి బూటు. నల్లది, పొట్టిది.

"ఇది కొత్త సరుకులోదే," అంది హేమలత. "దీని రెండోది డబ్బాతో పాటు పోయింది."

"డబ్బా మూతూడి పడిపోయింటాది," అన్నాడు పవన్. దూరం నుంచే వేలు చూపించాడు.

గోవిందమ్మ వంగి బూటు తీసింది. పక్కన తోలు మీద కొత్త గీత. నేల మీద, తలుపు దగ్గర నుంచి బెంచీ దాకా, ఈడ్చిన సన్నటి చార. గోడకు షట్టర్ లాగే ఇనుప కొక్కెం ఆనించి ఉంది. దాని మొనకు నల్లటి తోలు పొట్టు.

బూటును కవర్లో వేసింది. "పద జోసెఫ్. ఆళ్లగడ్డకు."

*

ఫెబా వర్క్‌షాపు ఒక పాత బియ్యం గోడౌను. ఆరుగురు ఆడవాళ్ళు కుట్టు మిషన్ల ముందున్నారు. వాకిట్లో కుర్చీ వేసుకుని ఫెబా తండ్రి ఇస్సాకు పేపర్ చదువుతున్నాడు. రిటైరైన బడిపంతులు. పోలీసులను చూసి పేపర్ మడిచాడు గానీ లేవలేదు.

ఫెబా చేతులకు మోచేతుల దాకా తోలుకు వేసే గోధుమరంగు. తుడుచుకోలేదు.

"నిన్న రాత్రి యాడుంటివి?"

"ఈడే. మా ఇంట్లో ప్రార్థన. పది దాకా పాటలు. వీధంతా వినింటాది, అడుక్కోండి."

"ఆ తర్వాత?"

"పడుకుంటి. సాక్షి కావాలంటే మా నాయన గురక ఉంది. అది కూడా వీధంతా వినింటాది."

జోసెఫ్‌కు నవ్వాగలేదు. గోవిందమ్మ వాడి వైపు చూసింది. ఆ నవ్వు ఆగింది.

"సొంత అంగడి పెట్టాలని ఉందంట నీకు?"

"ఉంటే? దానికి నా బూట్లు నేనే దొంగిలించుకోవాల్నా మేడమ్?" ఫెబా రెండు చేతులూ ముందుకు చాపింది. "ఇవుండాయి. ఇంకో ముప్పై కుడ్తా. దొంగిలించే ఖర్మ చేతగానోళ్ళకు."

"రిమాండ్‌కు పంపమని నాకు ఫోన్లొస్తాండాయి."

ఆ మాటకు మిషన్లన్నీ ఆగిపోయాయి. ఫెబా గొంతులో పొగరు ఒక మెట్టు దిగింది.

"పంపితే వీళ్ళు ఆరుగురూ మళ్ళీ మిరప చేలకు కూలికి పోతారు. దొంగ అని ఒకసారి పేరు పడినాక నా దగ్గర హవాయి చెప్పు కూడా ఎవురూ కొనరు. వాళ్ళకు కావాల్సింది అదే. బూట్లు కాదు."

ఇస్సాకు అప్పుడు నోరు తెరిచాడు. "మా నాయన తోలు పని చేసె. ఆ వాసన వదిలించుకోవాలని నేను టీచర్ ట్రైనింగ్ చదివితి. ఇది డిజైన్ కోర్సు చదివి మళ్ళా తోలే పట్టుకునె. అప్పుడేమో ముట్టకూడని పని అంటిరి. ఇప్పుడు దాన్నే షోకేసులో పెట్టి అమ్ముకుంటా, కుట్టినోళ్ళను దొంగలంటాండారు. ఏదో ఒకటి ఖాయం చేసుకోమని చెప్పండమ్మా వాళ్ళకు."

గోవిందమ్మ కూతురి వైపు తిరిగింది.

"ఫెబా, అంగట్లో గిరాకీకి బూట్లు తీసిచ్చేది ఎవరు?"

"హేమక్క. నేనుంటే నేను."

"పవన్?"

"ఆయప్ప బిల్లింగ్ కాడ్నుంచి కదలడు. డబ్బాలైతే సర్దుతాడు."

*

మధ్యాహ్నం మూడింటికి గోవిందమ్మ నంద్యాలలో పవన్ ఇంటి గేటు తీసింది. అతని తల్లి ఆదిలక్ష్మమ్మ వరండాలో కూర్చుని తమలపాకులు తుడుచుకుంటోంది.

"ఏమ్మా పోలీసమ్మా, ఆ బూట్లు ఆడ్నే ఇడిచి రా."

"డ్యూటీ బూట్లు పెద్దమ్మా. ఈడ్నే నిలబడతా."

"కొడుకు బూట్ల అంగడి పెడ్తాననంగానే వద్దంటి. కోడలు వినలే. సరే, పోనీలే అనుకుంటే ఇప్పుడు ఆ యమ్మి పేరు మా ఇంటి పేరు పక్కన బోర్డు మీద రాస్తారంట. మేము బజార్లో తిరగాల్నా వద్దా?"

"పవన్ ఏమనె?"

"వాడేమంటాడు? రెండు దినాల నుంచి అన్నం సరిగ్గా తినలే పాపం."

గోవిందమ్మ చూపు పోర్టికోలోని తెల్ల కారు మీదికి పోయింది. బానెట్ మీద దుమ్ము. అద్దం మీద దుమ్ము. చక్రాలకు ఎండిన బురద. వెనక డిక్కీ మాత్రం కడిగి మెరుస్తోంది. రబ్బరు అంచు సందులో పసుపు చార. కింద, సిమెంటు మీద, పిండిన నిమ్మకాయ చెక్క.

"కారుకు పూజ చేసినట్టుండారే?"

"తెల్లారేలోపు మావాడే చేసుకునె. అహోబిలం పోవాలంట."

"మంచిది," అంది గోవిందమ్మ. గేటు దాటాక జోసెఫ్‌ను దగ్గరికి పిలిచింది. "దొర్నిపాడు దగ్గర వీళ్ళ పొలం తెలుసునా?"

"తెలుసు మేడమ్. బోరు కాడ మోటారు గది కూడా ఉంది."

"ఇద్దరు సాక్షులను తీసుకుని జీపులో పో. చూసి ఫోన్ చెయ్."

*

సాయంత్రం ఐదింటికి అందరినీ అంగట్లోకి పిలిపించింది. హేమలత, పవన్, ఆదిలక్ష్మమ్మ, ఆళ్లగడ్డ బస్సులో వచ్చిన ఫెబా. ఆదిలక్ష్మమ్మ కుర్చీ తెప్పించుకుని లక్ష్మీదేవి పటం కింద కూర్చుంది. ఫెబాను ఎవరూ కూర్చోమనలేదు. ఆమే ఒక స్టూలు లాక్కుంది.

"అరెస్టుకు ఇంతమంది ఎందుకు మేడమ్?" అన్నాడు పవన్.

గోవిందమ్మ నల్ల బూటును కవర్లోంచి తీసి బెంచీ మీద పెట్టింది.

"దొంగ లోపలికొచ్చినాడు. పద్దెనిమిది వేల ఎర్ర బూట్లు కండ్ల ముందరే ఉండాయి. ముట్టలేదు. డబ్బాలు మాత్రం తీసుకున్నాడు. ఎందుకు?"

"దానికి కావాల్సింది కొత్త డిజైన్లు," అన్నాడు పవన్.

"సరే. ఇది కూడా కొత్త డిజైనే గదా? దీని జత తీసుకుపోయినాడు. ఇది కింద పడింది. వంగి ఎత్తుకుంటే అయిపాయె. ఎత్తలేదు. షట్టర్ కొక్కెం తెచ్చి, దాంతో బెంచీ కిందికి తోసినాడు. ఇదిగో గీత. బూట్లు దొంగిలించేటోడు బూటును కొక్కెంతో తోస్తాడా?"

గోవిందమ్మ గాజు షెల్ఫు చూపించింది.

"పవన్, ఈ బూటు ఆ షెల్ఫు మీద పెట్టు."

పవన్ బూటు వైపు చూశాడు. తర్వాత, అలవాటుగా, తెలియకుండానే, స్టూలు వైపు తిరిగాడు. "ఫెబా, తీసి పెట్టమ్మా."

దొంగ అని కేసు పెట్టిన ఆమెనే.

ఫెబా పకపకా నవ్వింది. హేమలత నవ్వలేదు. మొగుణ్ణి కొత్త మనిషిని చూసినట్టు చూస్తోంది.

"మీరే పెట్టండి," అంది నెమ్మదిగా. "బూటే గదా."

పవన్ చెయ్యి చాపాడు. బూటుకు జానెడు దూరంలో ఆగిపోయింది.

"వాడు ముట్టడమ్మా!" అరిచింది ఆదిలక్ష్మమ్మ. "ఒకరి కాలికి తొడిగేది మా ఇండ్లల్లో మగోళ్ళు చేత్తో పట్టుకోరు!"

"నేను పొద్దున్నుంచి అనుకుంటాండేది అదే పెద్దమ్మా."

"ముట్టకపోతే దొంగనా?" పవన్ గొంతు లేచింది. "ఏ కోర్టులో నిలుస్తాది ఇది?"

"నిలవదు. అందుకే నీ కారు చూసినా." గోవిందమ్మ అతని ఎదురుగా వచ్చి నిలబడింది. "బండికి పూజ చేస్తే ముందర బొట్టు పెడ్తారు. చక్రాల కింద నిమ్మకాయలు పెడ్తారు. నీ బండికి ముందరంతా దుమ్ము. డిక్కీకి మాత్రం పసుపునీళ్ళు. డిక్కీలో ఏ దేవుడుండాడప్పా? ముప్పై డబ్బాల తోలు పెట్టినావు. తీసినాక మైల పోవాలని కడిగినావు. వేలిముద్రలు తుడిచేసే దొంగలను చూసినా. మైల కడుక్కునే దొంగను ఇప్పుడే చూస్తాండా."

"ఊహలు. అన్నీ ఊహలు."

"ఇంట్లో పెట్టవు. చెప్పుల డబ్బాలు గడప దాటితే మీ అమ్మ ఊరుకోదు. ఇంక యాడ పెడ్తావు?"

ఐదూ ఇరవైకి ఫోన్ మోగింది. గోవిందమ్మ స్పీకర్ పెట్టింది.

"దొరికినాయి మేడమ్," జోసెఫ్ గొంతు. "మోటారు గదిలో టార్పాలిన్ కింద. గదికి తాళం ఏసుంటే కాపలాదారు తీసినాడు. చిన్నయ్యగారే తెల్లారుజామున కారులో తెచ్చిపెట్టె అని సాక్షుల ముందర చెప్పినాడు."

పవన్ బెంచీ మీద కూలబడ్డాడు. నల్ల బూటు పక్కనే. పక్కకు జరిగి కూర్చున్నాడు.

"దాని పేరు మా బోర్డు మీద ఎక్కకూడదు. అంతే," అన్నాడు గొణుగుతూ. "ఒక్క కేసు పడితే హేమే మానుకుంటాదని..."

"పిల్లను జైలుకు పంపి బోర్డు కాపాడుకుందామనుకున్నావు."

ఆరింటికి జీపు వచ్చింది. వీధిలో జనం మూగారు. సాక్షులు గడప దగ్గర నిలబడ్డారు. జోసెఫ్ డబ్బాలు దింపబోయాడు. గోవిందమ్మ ఆపింది.

"నువ్వు కాదు. ఏవి ఎత్తకపోయినాడో ఆయన్నే గుర్తుపట్టి చూపనీ. డబ్బా మూత తియ్ పవన్. జత బయటికి తియ్. వీళ్ళకు కనపడేట్టు పైకి పట్టుకో."

"మేడమ్, ప్లీజ్."

"తియ్."

తీశాడు. గుంపులోంచి ఎవరో "సైజు సరిపోయిందా అన్నా?" అన్నారు. ఫోన్లు పైకి లేచాయి. ఆదిలక్ష్మమ్మ కొంగుతో మొహం కప్పుకుంది. గోవిందమ్మ కుర్చీ వేసుకుని కూర్చుని, ముప్పై డబ్బాలూ అయ్యేదాకా లేవలేదు. ఇంత తీరిగ్గా ఆమె ఏ పంచనామా చేయలేదు.

పవన్‌ను జీపెక్కించి, ఆదిలక్ష్మమ్మ ఇంటికి పోయాక అంగట్లో ఇద్దరే మిగిలారు. గోవిందమ్మ గడపలో ఆగింది.

"ఫెబా," హేమలత ఆమె చెయ్యి పట్టుకుంది. "బోర్డు రేపే ఎక్కిస్తా. నీ పేరే ముందర. ఎవరేమన్నా సరే."

ఫెబా చెయ్యి విడిపించుకుంది. గట్టిగా కాదు.

"పొద్దున మేడమ్ అడిగితే ఏమంటివక్కా?"

హేమలత గోవిందమ్మ వైపు చూసింది. గోవిందమ్మ మొహం తిప్పుకోలేదు. ఫెబాకు చెప్పింది ఆమే.

"భయమేసింది ఫెబా."

"నాకూ వేసింది. నేను మాత్రం నీ పేరు చెప్పలే. తాళంచెవి నీ దగ్గర కూడా ఉంది గదా." ఫెబా బ్యాగు భుజానికి తగిలించుకుంది. "బూట్లు దొంగిలించి ఆళ్లగడ్డలో అంగడి పెడ్తానని గదా కేసు రాసిచ్చినారు? దొంగతనం మీ ఇంట్లోనే అయిపాయె. అంగడి నేను పెడ్తా."

ఏడింటి బస్సుకు ఇంకా టైముంది. అయినా ఆమె ఆగలేదు.