తాళ్ళమెట్ట మలుపులో నాంచారమ్మ బొమ్మ

పట్టపగలు పదకొండు గంటలకి ఒక లారీ నాంచారమ్మ నడుం మీదుగా దూసుకుపోయింది. ఆమె చెదిరి, వణికి, మళ్ళీ అతుక్కుని, కుచ్చెళ్ళు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని రోడ్డు దాటడం పూర్తి చేసింది.

అసలు నాంచారమ్మ రోడ్డు అంచున నిలబడి ఇదంతా చూస్తోంది. పక్కన రోడ్డు భద్రత శాఖ శాస్త్రవేత్త డాక్టర్ పరాంకుశం టాబ్లెట్‌లో అంకెలు చూసుకుని మురిసిపోతున్నాడు.

ఆ బొమ్మని గీసే యంత్రం ఆయనదే. తాళ్ళమెట్ట మలుపులో ఎర్ర త్రికోణం బోర్డు ఇరవై ఏళ్ళు నిలబడింది. వీపు గోక్కోవడానికి వచ్చే మేకలు తప్ప దాన్నెవరూ పట్టించుకోలేదు. పరాంకుశం దాన్ని పీకించి ఒక స్తంభం పాతించాడు. వచ్చే బండి వేగాన్ని అందులోని రాడార్ కొలుస్తుంది. నలభై దాటితే స్తంభం సన్నటి ఆవిరి చిమ్ముతుంది. ఆ ఆవిరి మీద లేజర్ ఒక మనిషిని గీస్తుంది. బోర్డుని లెక్కచెయ్యనివాడు కూడా మనిషిని చూస్తే బ్రేకు తొక్కుతాడని ఆయన సిద్ధాంతం.

దానికి ఒక మనిషి కావాలి. రోడ్డవతలి బడిలో మధ్యాహ్న భోజనం వండే నాంచారమ్మ దొరికింది. "ఊళ్ళో ఇంతమంది ఉండగా నేనే ఎందుకు సారూ?" అని ఆవిడ ఆ రోజే అడిగింది. ఆయన నవ్వి, కెమెరా ముందు నాలుగుసార్లు నడిపించాడు. జవాబు చెప్పాల్సిన చోట నవ్వేవాణ్ణి నమ్మకూడదు. చదువుకున్నవాడైతే అసలే నమ్మకూడదు.

ఆర్నెల్లలో ప్రమాదాలు పంతొమ్మిది నుంచి మూడుకి తగ్గాయి.

"చూశారా అమ్మా, ఆ లారీ యాభైకి దిగింది! ఇదివరకు తొంభైలో వచ్చి పొలంలో బోల్తా కొట్టేవాళ్ళు."

"దిగాడు. ఆగాడా?"

"ఎందుకాగాలి? అది ఆవిరని వాళ్ళకిప్పుడు తెలుసుగా. మలుపుందని గుర్తొస్తే చాలు."

"బొమ్మ ఆవిరి సారూ, నేను కాదు. అరవై మంది పిల్లలు కంచాలు పెట్టుకుని కూర్చుంటారు. రోజూ దాటాలి నేను. నెల్రోజుల్నుంచి ఒక్కడంటే ఒక్కడు నన్ను చూసి బ్రేకు మీద కాలు పెట్టట్లా."

"చీర మార్చండి."

"ఉన్న ఆరూ మార్చా. మొహం కూడా మార్చమంటారా?"

పరాంకుశం విసుక్కున్నాడు. "అదంతా మీ భయం. రండి, నేనూ మీతో దాటతాను."

ఇద్దరూ రోడ్డు మీదకి దిగారు. నాలుగడుగులు వేశారో లేదో టమాటాల వ్యాన్ మలుపు తిరిగింది. డ్రైవర్ పరాంకుశాన్ని చూశాడు. ఈయన మనిషే. పక్కనున్నది రోజూ చూసే బొమ్మ. ఈయన్ని తప్పించడానికి కట్ కొట్టి, వ్యాన్‌ని సూటిగా నాంచారమ్మ మీదకి తిప్పాడు. పరాంకుశం ఆమె చెయ్యి పట్టి లాగాడు. ఇద్దరూ కంకర మీద పడ్డారు. వ్యాన్ ఆగలేదు.

ఆయన కళ్ళజోడు వెతుక్కుంటూ, "సరే, బొమ్మ మారుస్తాం. ఇంకెవరినైనా చూపించండి," అన్నాడు.

"ఎవర్ని? మా హెడ్‌మాస్టర్నా? పాలు పోసే సుబ్బాయమ్మనా? ఎవర్ని పెడితే వాళ్ళకి రోడ్డు మూసుకుపోయినట్టే. మీ బొమ్మ పెట్టండి."

"నాదా? నేను రోజూ రోడ్డు మీద తిరిగేవాణ్ణమ్మా!"

అన్నాక నాలిక కరుచుకున్నాడు.

నాంచారమ్మ ఒంటి మీది దుమ్ము దులుపుకుంది. "నేనేం గాల్లో తిరుగుతున్నానా సారూ?"

ఈసారి ఆయన నవ్వలేదు. ఆవిడ వెళ్ళి ఆయన కారుకి అడ్డంగా కూర్చుంది. అయ్యగారు కెమెరా ముందు నాలుగుసార్లు నడిచిందాకా లేవలేదు.

వారంలో బొమ్మ మారింది. తర్వాత రాష్ట్రంలో మరో నలభై మలుపుల్లో అదే బొమ్మ వెలిసింది: చంకలో ఫైలు, బట్టతల, కళ్ళజోడు. పరాంకుశం కారు ఇప్పుడు ఆఫీసు మెట్ల దాకా వస్తుంది. టీకి కూడా ఆయన గేటు దాటడు.

బొమ్మ మారిన నెలకి ఒకరోజు నాంచారమ్మ పప్పు గిన్నె పట్టుకుని రోడ్డు మీదకి దిగింది. ఇటుకల ట్రాక్టర్ ఒకటి కీచుమని గజం దూరంలో ఆగింది. డ్రైవర్ సీట్లోంచి లేచి అరిచాడు.

"ఏం ముసలమ్మా, చావడానికి నా ట్రాక్టరే దొరికిందా?"

ఆవిడ రోడ్డు మధ్యలో నిలబడి వాడి మొహంలోకి చూసింది.

"ఇంకోసారి అనరా అబ్బాయ్," అంది.