కళ్లతో చదివినప్పుడు

బెంగళూరు పక్కన జిగణిలో మూతపడిన రాళ్ల ఫ్యాక్టరీ వెనక ఒక రేకుల ఇల్లు ఉంది. రాత్రి షిఫ్టుకు పోయేవాళ్లు దాని ముందుకు రాగానే రోడ్డు దాటి అవతలి పక్కన నడుస్తారు. లోపల దీపం ఉండదు, మనిషి ఉండదు... అయినా ఎవరో ఆడమనిషి నెమ్మదిగా మాట్లాడుతున్నట్టు వినిపిస్తుందని చెప్పుకుంటారు. ఏం మాట్లాడుతుందో మాత్రం ఎవరూ చెప్పలేరు. ఆగి విన్నవాళ్లు లేరు మరి.

అట్లాంటి ఇంటిని అంబిక కోరి బాడుగకు తీసుకుంది.

ఆమెది కదిరి పక్క పల్లె. బొమ్మసంద్రలో మాత్రల కంపెనీలో ప్యాకింగ్ పని. పగలంతా మాత్రల అట్టలు డబ్బాల్లో పెట్టి పెట్టి వేళ్లు మొద్దుబారేవి. రానురాను వేళ్లే కాదు, లోపల కూడా ఏదో మొద్దుబారింది. మిగిలింది ఒక్కటే పట్టుదల — గొంతుతో బతకాలని. ప్రకటనలకు, కథలకు గొంతు ఇచ్చే పని. ఎన్నో చోట్లకు తన రికార్డింగులు పంపింది. ఒక్కరూ పిలవలేదు. హాస్టల్లో రికార్డు చేస్తే పక్క మంచం గురక, కింద ఆటోల మోత, అన్నీ అందులో పడేవి. ఆమెకు చప్పుడు లేని చోటు కావాలి. అంతే.

ఇంటి యజమాని కదిరమ్మ తాళంచెవి ఇస్తూ ఏమీ దాచలేదు. దయ్యం ఉందంటారనీ, అది ఎవరినీ ఏమీ చేయలేదనీ, అయినా నెల నిండా ఉన్నవాళ్లు లేరనీ చెప్పింది.

అంతా విని అంబిక, "రాత్రిపూట చప్పుడేమన్నా ఉంటుందా అవ్వా?" అని అడిగింది.

కదిరమ్మ ఆమెను ఎగాదిగా చూసి, "నిన్ను చూసి అదే ఇల్లు ఖాళీ చేస్తుందిలే" అంది.

కథలు వినిపించే యాప్ వాళ్లు తెలుగు గొంతు కోసం వెదుకుతున్నారని హేమంత్‌కుమార్ కబురు చెప్పాడు. ఎలక్ట్రానిక్ సిటీలో ఒక స్టూడియోలో రికార్డింగులు శుభ్రం చేసే, ఆమెకు తెలిసిన మనిషి అతను. ఎంపికైతే ఏడాది పొడుగునా పని. ఎంపిక కాకపోతే మాత్రల కంపెనీయే గతి, అక్కడ వచ్చే నెల నుంచి ఆమెను రాత్రి షిఫ్టులో వేస్తామని సూపర్‌వైజర్ ముందే చెప్పేశాడు. రాత్రులు పోతే రికార్డింగూ పోయినట్టే.

ఆ రాత్రి ఆమె గది మూలన తాడు కట్టి, దాని మీద బొంతలు వేలాడదీసి, వాటి మధ్య మైకు పెట్టుకుని కూర్చుంది. ఆమె పద్ధతి ఒకటుంది. మైకు ఆపకుండానే ఒక్కో వాక్యాన్ని ముందు కళ్లతో చదువుకుంటుంది... పెదవి కదపదు, ఊపిరి కూడా బిగబట్టుకుంటుంది. ఆ తర్వాతే పైకి చదువుతుంది. మధ్యలో మిగిలే నిశ్శబ్దాన్ని స్టూడియోలో కత్తిరిస్తారు.

యాప్ వాళ్లు ఆడిషన్‌కు ఇచ్చిన కథ చివరిదాకా చదివింది. ఏమీ వినపడలేదు. ఏమీ కనపడలేదు. హేమంత్‌కుమార్‌కు పంపించి పడుకుంది.

మర్నాడు భోజనాల వేళ హేమంత్‌కుమార్ ఫోన్ చేశాడు.

"నీ పక్కన ఉన్న ఆమె ఎవరమ్మా?"

"ఎవరూ లేరన్నా."

"జోకులొద్దు. నువ్వు ఆగిన ప్రతిచోటా ఆమె చదివింది. ఆమె తర్వాత నువ్వు. లైన్ బై లైన్. వాల్యూమ్ పెంచితే క్లియర్‌గా ఉంది. ఇద్దరూ ఆడిషన్ ఇస్తున్నారనుకుని రెండు ఫైళ్లు చేసి పంపించేశా."

అంబిక చేతిలో ముద్ద అట్లాగే ఉంది.

"సెలెక్ట్ అయింది" అన్నాడు. గొంతు తగ్గించాడు. "నువ్వు కాదు... ఆమె. ఆ చదవడంలో ప్రాణముందన్నారు."

చదివినవాళ్ల పేరు యాప్‌లో వేయాలనీ, ఈ రాత్రికి ఆ పేరు పంపకపోతే వేరేవాళ్లను చూసుకుంటారనీ చెప్పి ఫోన్ పెట్టేశాడు.

సాయంత్రం కంపెనీ బస్సులో ఆమె ఆ ఫైలు విన్నది. తొందర లేని గొంతు. తాను పరిగెత్తిన చోట అది ఆగింది. తాను ఏడుపు తెచ్చిపెట్టుకున్న చోట అది ఏడవలేదు... ఊరికే మెత్తబడింది. ఎట్లా చదవాలని ఇన్నాళ్లూ అనుకుందో, కళ్లతో చదివేటప్పుడు తన లోపల ఎట్లా పలికేదో, అచ్చం అట్లాగే ఉంది. భయపడాలని ఆమెకు తెలుసు. భయం కోసం లోపల వెదికింది కూడా. దొరకలేదు.

ఇంటికి వచ్చి దీపం వేయకుండా బొంతల మధ్య కూర్చుంది. ఈసారి చేతిలో కథ లేదు. మైకు ఆన్ చేసింది.

"నీ పేరేమక్కా?" అని మెల్లగా అడిగింది.

ఎదురుచూసింది... గాలి లేదు, బొంత కదల్లేదు. ఆమె చెవికి ఏమీ వినపడలేదు.

రికార్డింగు ఆపి, ఇయర్‌ఫోన్ పెట్టుకుని, వాల్యూమ్ పూర్తిగా పెంచింది. ముందు తన ప్రశ్నే. తర్వాత నిశ్శబ్దం... ఇంకా నిశ్శబ్దం... ఇక ఏమీ లేదని తీసేయబోతుంటే, చెవి పక్కనే కూర్చుని చెప్పినట్టు, ఆ తొందర లేని గొంతు —

"అంబిక."

ఇంకోసారి విన్నది. అదే మాట. అంతే నెమ్మదిగా.

ఇయర్‌ఫోన్ తీసి ఒళ్లో పెట్టుకుంది. ఆ తర్వాత ఫోన్ తీసుకుని ఆ పేరు కొట్టి హేమంత్‌కుమార్‌కు పంపింది.

వెంటనే జవాబు వచ్చింది. "నీ పేరు కాదమ్మా. ఆమె పేరు అడిగా."

మొద్దుబారిన వేళ్లతో అంబిక ఒక్కో అక్షరం వెదికి కొట్టింది.

"ఆమె పేరే అన్నా."