అంకెలు నిలిచిన చోట

కోస్గి దాటాక ఉన్న పత్తి మిల్లులో నాకు ఉద్యోగం దొరికినప్పుడు, ఆ ఊరు ఎటువైపో మా వాళ్లలో ఎవరికీ తెలియదు. మాది రామన్నపేట దగ్గర మగ్గాల ఇల్లు. అక్కణ్ణుంచి హైదరాబాద్ వచ్చి, మళ్లీ అంత దూరం పోతేగాని కోస్గి రాదు. పిల్లలకు జ్వరమొచ్చినా, నాకు దిగులు పుట్టినా పిలిస్తే పలికే చుట్టం అక్కడ ఒక్కరూ లేరు.

నా భార్య రమ దవాఖానలో నర్సు. ఎక్కువగా సాయంత్రం డ్యూటీలే పడేవి. నేను మిల్లులో మోటార్లూ, వాకీటాకీ సెట్లూ చూసుకునేవాణ్ని. పత్తి బేళ్ల గోదాముకు అవతల, చాలా దూరాన మా క్వార్టరు. అందులో మా సుహాసిని, దాని తమ్ముడు శ్రవణ్ ఇద్దరే ఉండేవారు. పిల్ల నాలుగో తరగతి. వాడికింకా బడి ఈడు రాలేదు. అందుకని ఇంట్లో ఒక పాత సెట్టు పెట్టాను. పని మధ్యలో బటన్ నొక్కి "సుహాసినీ" అంటాను. "చెప్పు బాపు" అంటుంది. ఆ మాట వింటేగాని నా చేతులు పని మీదికి పోయేవి కావు.

ఒకసారి మా అత్తమ్మ నర్సింగమ్మ వచ్చినప్పుడు ఇది చూసి పిల్లను దగ్గరికి పిలిచింది. "దీపాలు పెట్టే యాళ్లకు ఎవరన్న పేరు పెట్టి పిలిస్తే గబుక్కున పలుకకు బిడ్డ. మూడోసారి పిలిచినంక పలుకు. మనిషైతే మూడుసార్లు పిలుస్తడు."

"సెట్టుల గట్ల నడువది అత్తమ్మా," అన్నాను. "ఒక్క పిలుపుకు పలుకకపోతే నాకు గుండె ఆగినంత పనైతది."

"నీ గుండె అంత మెత్తగుంటే దూదిల పెట్టి దాసుకో అల్లుడా. మిల్లు నిండ దూదే గద," అని నవ్వింది ఆమె.

నేనూ నవ్వాను. ఆమె బస్సెక్కగానే పిల్లతో మళ్లీ చెప్పాను. సెట్టులో నా గొంతు వినపడితే ఒక్క పిలుపుకే పలకాలి, నేను చెప్పింది చెప్పినట్టు చెయ్యాలి అని. పిల్ల బుద్ధిగా తలూపింది.

ఒకనాటి సాయంత్రం వాన. మిల్లు నడిచే కాలం కాదు. తడిసిన సెట్లన్నీ గోదాము పక్క గదిలో బల్ల మీద పెట్టుకుని ఒక్కొక్కటే చూస్తున్నాను. నా దగ్గర ఫ్రీక్వెన్సీ కౌంటర్ ఉంది. అరచేతిలో పట్టేంత డబ్బా, నెత్తిన చిన్న యాంటెన్నా. పక్కన ఏ సెట్టయినా బటన్ నొక్కి మాట్లాడితే, అది ఏ ఫ్రీక్వెన్సీ మీద పోతోందో అంకెల్లో చూపిస్తుంది. ఏమీ లేనప్పుడు అంకెలు ఊరికే పరుగెడుతుంటాయి. సెట్టు మాట్లాడగానే కట్టేసినట్టు నిలబడతాయి. కాకపోతే, దగ్గరున్నదాన్నే అది చూస్తుంది. గది దాటితే దానికి ఏదీ కనపడదు. మిల్లుకు ఇచ్చిన ఫ్రీక్వెన్సీ నుంచి ఒక్క సెట్టు పక్కకు జరిగినా నాకు మనసు ఊరుకోదు. అందుకే అన్నీ దానితో చూసేవాణ్ని.

గేటు కాపలా గుర్వయ్య గుమ్మంలో నిలబడి బీడీ కాలుస్తున్నాడు. "సారూ, గది జరం జూసే మిషనా? నాకు గూడ జర పెట్టి చూడరాదు."

"నీకు పెడితే అంకెలు మళ్ల పరుగెత్తవు గుర్వయ్యా. నువ్వు మాట్లాడుడు ఆపవు."

"నా పెండ్లాం గూడ గదే అంటది," అంటూ గొంగడి కప్పుకుని గేటు వైపు పోయాడు.

చూసిన సెట్లకు బ్యాటరీలు ఊడదీసి పక్కన పెట్టాను. నా నడుముకున్న సెట్టు ఒక్కటే మిగిలింది. అప్పుడు కరెంటు పోయింది. తడిసిన పత్తి గింజల ముక్కిన వాసన గదిలోకి దట్టంగా వచ్చింది. రేకుల మీద వాన. దాని కింద ఇంకో చప్పుడు, ఎవరో దూది పీకుతున్నట్టు.

బటన్ నొక్కాను. "సుహాసినీ."

"చెప్పు బాపు."

"తమ్ముడేం చేస్తుండు?"

"పండుకున్నడు బాపు."

ప్రాణం కుదుటపడింది. సెట్టు నడుముకు పెట్టుకోబోతూ కౌంటర్ వైపు చూశాను. చీకట్లో దాని తెర పచ్చగా వెలుగుతోంది. అంకెలు పరుగెడుతున్నాయి. కానీ ఇప్పుడే, పిల్ల మాట్లాడుతున్నప్పుడు, అవి నిలబడ్డట్టు కంటి కొసకు కనిపించింది.

అట్లా ఎందుకు నిలబడతాయి? పిల్ల గోదాము అవతల ఉంది.

"సుహాసినీ, దీపం పెట్టినవా?"

"పెట్టిన బాపు."

అంకెలు నిలబడ్డాయి. మాట ఆగగానే పరుగెత్తాయి.

బల్ల మీది సెట్లు తడిమాను. ఒక్కదానిలోనూ బ్యాటరీ లేదు.

"బిడ్డా... ఎక్కడున్నవ్?"

"పెట్టిన బాపు."

అదే గొంతు. అదే సాగదీత. అంకెలు కదలకుండా నిలబడి ఉన్నాయి. ఆ గొంతు ఈ గదిలోనే ఎక్కడో ఉంది. చీకట్లో, నా చేతికి అందేంత దూరంలో.

గోడకు ఆనుకుని నిలబడ్డాను. సెట్టులో మళ్లీ చప్పుడు. ఈసారి మగగొంతు.

"సుహాసినీ."

అది నా గొంతు. నేను నోరు విప్పలేదు.

"చెప్పు బాపు." సన్నగా, దూరం నుంచి. వెనక వాన చప్పుడు. అంకెలు నిలబడలేదు. ఇది నా బిడ్డ.

ఒక్క పిలుపుకే పలికింది.

"తలుపు తియ్యి బిడ్డ," అంది నా గొంతు. అంకెలు నిలబడ్డాయి.

బటన్ నొక్కి అరిచాను. "తియ్యకు! తియ్యకు బిడ్డ!" ఇద్దరు ఒకేసారి నొక్కితే గట్టిదే వినపడుతుంది. నా మాట పోయిందో లేదో తెలియలేదు.

"తమ్మున్ని లేపు. బయటికి పంపు," అంది అది.

కౌంటర్ చేతిలోకి తీసుకుని చూశాను. గొంతు వస్తూనే ఉంది. అంకెలు మాత్రం... పరుగెడుతున్నాయి.

అది ఇప్పుడు నా దగ్గర లేదు.

పరుగెత్తాను. బేళ్ల సందుల్లో, బురదలో, ఎక్కడ పడ్డానో ఎట్లా లేచానో తెలియదు. క్వార్టరు తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల దీపం. సుహాసిని గోడ మూలకు ఒదిగి కూర్చుంది. చాప మీద శ్రవణ్ దుప్పటి కప్పుకుని నిద్రపోతున్నాడు.

"తలుపెందుకు తీసినవ్?"

"నువ్వే గద బాపు తియ్యమన్నది. తమ్మున్ని పంపిన. నువ్వే మల్ల ఎత్తుకొచ్చి పండవెట్టినవ్." పిల్ల నా తడిబట్టల వైపు చూసింది. "అప్పుడు నువ్వు తడువలే."

వాడి పక్కన కూలబడ్డాను. ఒళ్లు వెచ్చగా ఉంది. ఊపిరి ఆడుతోంది. మోకాలి మీద మొన్న పడ్డ దెబ్బ తాలూకు పక్కు కూడా ఉంది. నా కొడుకే. ఏడుపు ఆగలేదు.

కౌంటర్ ఇంకా నా పిడికిట్లోనే ఉంది. అంకెలు నిలబడి ఉన్నాయి.

ఇంట్లో సెట్టు ఆపాను. నాది కూడా ఆపి, బ్యాటరీలు రెండూ లాగేశాను. గుమ్మం దాకా పోతే అంకెలు పరుగెత్తాయి. చాప దగ్గరికి వస్తే నిలబడ్డాయి. పిల్లవాడి నోటి దగ్గర పెట్టాను. ఊపిరి వదిలినప్పుడు నిలబడుతున్నాయి... పీల్చినప్పుడు పరుగెడుతున్నాయి.

అప్పుడు బయట, బేళ్ల వైపు నుంచి, పసివాడి ఏడుపు. సెట్టులో కాదు. వానలో.

"బాపూ..."

లేచి తలుపు గడియ పెట్టాను.

"తమ్ముడు బాపు," అని గుసగుసగా అంది సుహాసిని.

"కాదు. తమ్ముడు ఈడనే ఉన్నడు."

"సలి పెడ్తది బాపు వానికి."

"ఈడనే ఉన్నడని చెప్పిన గద."

ఆ ఏడుపు ఇంటి చుట్టూ తిరిగింది. కిటికీ కింద ఆగింది. తలుపు అడుగున చిన్న గోళ్లతో గీకింది. పిల్ల నా ముఖం వైపే చూస్తోంది. నేను గడియ మీద చెయ్యి తియ్యలేదు. చాలాసేపటికి వాన ఒక్కటే మిగిలింది.

రమ వచ్చి పిల్లవాణ్ని లేపి అన్నం పెట్టింది. వాడు తిన్నాడు. ఆమెకు ఏ తేడా కనపడలేదు.

ఆ నెలలోనే మహబూబ్‌నగర్ వచ్చేశాం. మెట్లెక్కి పోయే పై వాటా, కిరాయికి. శ్రవణ్ ఇప్పుడు బడికి పోతున్నాడు. బాగా తింటాడు, బాగా నవ్వుతాడు. సుహాసిని మాత్రం వాణ్ని తమ్ముడని పిలవదు. రోజూ తన కంచంలోంచి కాస్త అన్నం తీసి, చిన్న గిన్నెలో పెట్టి బాల్కనీ పిట్టగోడ మీద ఉంచుతుంది. పిట్టలకని రమ అనుకుంటుంది.

ఒకసారి అడిగాను. లోపల శ్రవణ్ టీవీ చూసి పకపకా నవ్వుతున్నాడు. పిల్ల అటు చూసి, నా చెవి దగ్గరికి వచ్చింది.

"తమ్మునికి ఆకలైతది గద బాపు."

తెల్లవారుజామున అందరికంటే ముందు నేనే లేచి బాల్కనీలోకి పోతాను. పిట్టగోడ మీద ఒక్క మెతుకు ఉండదు. గిన్నె శుభ్రంగా కడిగి, బోర్లించి ఉంటుంది.