జగంగల్ శిఖరం మీద ఇల్సే

"ఈమెను జగంగల్ శిఖరం ఎక్కనివ్వకు," అంది చీఫ్ ప్రిస్కాట్, ఫోటోను బల్ల మీద ముందుకు తోస్తూ.

ఫోటోలో ఇల్సే మారన్. అందగత్తె. విదేశీ ముఠాకు కొరియర్. ఆమె తెచ్చే కోడ్ శిఖరం మీద కాచుకున్న ముఠా నాయకుడు వోల్కర్ చేతికి అందితే, లోయలో ఆనకట్ట తలుపులన్నీ ఒక్కసారిగా తెరుచుకుంటాయి. దిగువ ఊళ్లు మిగలవు.

"కాల్చెయ్యనా బాస్?"

"ప్రాణాలతో కావాలి. గాలి తగ్గేదాకా హెలికాప్టర్లు ఎగరవు. అప్పటిదాకా ఆలస్యం చెయ్యి."

ఏజెంట్ టీగ్ స్కీలు తొడుక్కుని, సెలవు మీదొచ్చిన బడిపంతులు వేషంలో దారిలో ఆమెను కలిశాడు. ఆ సాయంత్రం స్నోగమ్ చెట్ల చాటున ఇద్దరూ మంచు తవ్వి గుడారాలు వేసుకున్నారు. ఇల్సే తన సూప్‌లో సగం అతని గిన్నెలో పోసింది.

"తాగవయ్యా పంతులూ, పెదాలు నీలంగా ఉన్నాయి."

ఆమె గుడారంలోకి వెళ్లగానే టీగ్ ఆమె స్టవ్ పెట్రోలంతా మంచులో పారబోశాడు. మంచు కరిగించుకోలేకపోతే ఆ కొండల్లో తాగడానికి చుక్క నీరుండదు. అక్కడే పుట్టి పెరిగినవాడు, అది దొంగతనం కంటే నీచమని ఎరిగినవాడే.

పొద్దున ఆమె అడిగింది. "కాస్త పెట్రోలుందా?"

"నాదీ అయిపోయింది." అతని సంచిలో సీసా నిండుగా ఉంది.

ఇల్సే మంచు నములుతూ, తూలుతూ శిఖరం ఎక్కనే ఎక్కింది. టీగ్ వెనకే పాకాడు. పైన వోల్కర్ ఆమె చెప్పిన కోడ్ తన ట్రాన్స్‌మిటర్‌లో నొక్కాడు. ఏమీ జరగలేదు.

"తప్పుడు కోడ్ ఇస్తావా? నీ మీద అనుమానంతో అసలుది ఇంకో దారిలో తెప్పించుకున్నాలే!"

ఇల్సే అతని మీదికి దూకింది. దాహానికి చేతుల్లో సత్తువ లేదు. ఒక్క విదిలింపుకి మంచులో పడింది. వోల్కర్ వేలు చివరి మీట మీద ఉండగా టీగ్ పిస్టల్ పేలింది. ట్రాన్స్‌మిటర్ ముక్కలైంది. రెండో గుండుకి వోల్కర్ కుప్పకూలాడు.

"నేను ముఠాలో దూరిన నేవీ గూఢచారిని, మొద్దూ!" అంది ఇల్సే పగిలిన పెదాలతో.

టీగ్ భుజాన తెరిచే ఉన్న వైర్‌లెస్‌లో చీఫ్ గొంతు ఖంగున మోగింది. "అవును, ఇప్పుడే కబురొచ్చింది, ఆమె మన మనిషే. శభాష్ టీగ్! నీకు పతకం ఖాయం."

టీగ్ తలెత్తలేకపోయాడు. సంచిలోంచి నిండు సీసా తీసి, స్టవ్ వెలిగించి, మంచు కరిగించాడు.

"నీ పెట్రోలు... నేనే పారబోశాను."

"తెలుసు. మంచంతా ఒకటే వాసన."

"మరి అప్పుడే అడగలేదేం?"

"నువ్వే చెప్తావేమోనని చూశాను."

అతను గిన్నె అందించాడు. ఇల్సే ఆ గిన్నెను మెల్లగా అతని వైపే తోసింది.

"ముందు నువ్వు తాగు పంతులూ, పెదాలింకా నీలంగానే ఉన్నాయి."