తడితల ఆజ్ఞ

ఉరుముకొండ దుర్గమంటే ఆషామాషీ కోట కాదు. ఏనుగు మీద ఏనుగును నిలబెట్టినా తొండం అందని రాతిగోడలు, ఆ గోడల చుట్టూ మొసళ్ళు మసలే అగడ్త, అగడ్తకు ఆవల కనుచూపు మేర వరిమళ్ళు, ఆ మళ్ళ చివర వెండితీగలా మెరిసే ఏరు, అన్నిటికీ పైన కొండకొమ్మున ఫెళఫెళలాడే వరాహ పతాకం. ఇక పట్టాభిషేకం నాటి వైభవం చెప్పనే అక్కరలేదు. భేరీల మోతకు కొండకే గుండెదడ పుట్టింది. సాలెలు కొత్త పట్టుకోకలు పట్టుకొచ్చారు, పల్లెకారులు తామరపూల బుట్టలు తెచ్చారు, రైతులు కొత్తబియ్యపు మూటలు నెత్తిన పెట్టుకుని పిల్లాపాపలతో కొండెక్కారు. కొత్త రాజు కొమ్మభూపతిని కళ్ళారా చూద్దామని వాళ్ళ ఆశ. ఆ కళ్ళలోనే కాసేపట్లో కారం పడబోతోందని పాపం వాళ్ళకేం తెలుసు!

సింహాసనానికి కుడిపక్క దండనాయకుడు విస్సమ నాయకుడు నిలబడి ఉన్నాడు. తెల్లని మీసం, చెంపన పాత కత్తిగాటు. పోయిన పెద్దరాజు మాచభూపతికి ఆయన లెంక. అంటే, ఏలిక బతికినన్నాళ్ళు బతికి, ఏలిక పోయిన నాడు పొద్దుగుంకే లోపల తానూ పోతానని నీళ్ళు ముట్టి ఒట్టు పెట్టుకున్న వీరుడు. మరి పెద్దరాజు పోయాక ఈయన ఎందుకున్నాడంటారా? పెద్దరాజు ప్రాణం పోతూ పోతూ ఆజ్ఞ ఇచ్చాడు: "నా లెంకలు నా వెంట రాగూడదు. కోటను కాచుకుని బతకవలె." ఆ ఆజ్ఞ మీదనే విస్సమ నాయకుడూ ఆయన తోటి లెంకలూ బతికి ఉన్నారు.

ఉరుముకొండ వంశంలో ఒక ఆచారముంది. అభిషేక జలంతో రాజు తల తడిసి ఉన్నంతసేపు ఆయన నోట ఏ మాట వెలువడితే అది రాతిమీది గీత. వెనక్కి తీసుకున్నవాడి తలకు కిరీటం తగదు. అందుకనే తెలివైన రాజులందరూ చెరసాల తెరవండి అనో, గుడికి గోవులివ్వండి అనో ఒక్క మంచిమాట చెప్పి గబగబా తల తుడిపించుకునేవారు.

కొమ్మభూపతి తువాలు తెచ్చిన సేవకుణ్ణి తోసేశాడు. తన తండ్రిని పెదతండ్రి మాచభూపతి మారుమూల అడవి సీమకు తరిమాడన్న కసి ఆ కుర్రవాడి కడుపులో ఏళ్ళుగా ఉడుకుతోంది. ఆ కసికి ఊపిరి ఊదుతూ వచ్చినవాడు మంత్రి సూరపామాత్యుడు.

"చెరువు కింది రైతులకు మా పెదతండ్రి ఎత్తివేసిన పన్ను నేటినుండి తిరిగి కట్టవలె!" అన్నాడు రాజు.

డప్పు మోగింది. రైతుల నెత్తిమీది మూటలు ఒక్కసారిగా బరువెక్కాయి.

"రేవు సుంకం తిరిగి చెల్లించవలె! కరవుకని దాచిన కోటలోని ధాన్యం అమ్మివేయవలె!"

మళ్ళీ డప్పు. ప్రతి దెబ్బా విస్సమ నాయకుడి రొమ్ము మీద పడుతున్నట్టే ఉంది. ఆయన పిడికిలి కత్తిపిడి మీద బిగుసుకుంది. ఒక మనిషి ఆయుష్షంతా చెమటోడ్చి కట్టిన ఇల్లు! పెంకుకు పెంకు పీకి పారేస్తూంటే ఎవడికి మండదు చెప్పండి?

ఈలోగా ఎండకు రాజు జుట్టు ఆరవచ్చింది. సూరపామాత్యుడు బంగారుచెంబు అందుకుని, "తల ఆరుతున్నది ప్రభూ," అంటూ మళ్ళీ నీళ్ళు కుమ్మరించాడు. వంగి చెవిలో ఏదో ఊదాడు కూడా.

"ఒక్కొక్కటీ చెప్పనేల? మా పెదతండ్రి నోట వెలువడిన తక్కిన ఆజ్ఞలన్నీ, ఒక్కటీ మిగలకుండా, నేటితో రద్దు!"

మంత్రి చేతులు జోడించి సభవైపు తిరిగాడు. "చిత్తము. కనుక లెంకలు బతకవలెనన్న ఆజ్ఞ కూడా రద్దయినది. విస్సమ నాయకా, నీవూ నీవారూ నేడు పొద్దుగుంకే లోపల ఒట్టు చెల్లించుకొనవలె."

రాజు ఉలిక్కిపడి మంత్రి వంక చూశాడు. ఆ చూపుతోనే విస్సమ నాయకుడికి అర్థమైపోయింది, తానేం అన్నాడో ఈ బిడ్డకే తెలియదని. అప్పుడొచ్చింది ఆయనకు అసలు కోపం.

"ప్రభూ! చావంటే నాకు భయమని తలచకుడు. ఆనాడే మరణశయ్య పక్కన కత్తి దూసినవాణ్ణి. 'నా వెంట వచ్చేవాడు నాకేల? నా కోట కాచేవాడు కావలె' అని మీ పెదతండ్రి నా చెయ్యి పట్టుకున్నారు. ఆ మాట కోసం సిగ్గు చంపుకుని బతికాను. ఏలిక కాలిపోయినా వీడు కూడు తింటున్నాడని నీలాటిరేవులో ఆడవాళ్ళు కూడా నవ్వారు. సహించాను. నేడు మీరు చావమన్నారు, సంతోషం! కానీ ఏ మాట అంటున్నారో తెలియకుండా అంటారా? రాజు నోరేమన్నా గాలికి కొట్టుకునే తలుపా?"

రాజు పెదవి కదపబోయాడు. అంతలో కోటగోడ మీద కొమ్ముబూర కూసింది. వేగువాడు రొప్పుతూ వచ్చి పడ్డాడు. "నల్లవాగు మండలేశ్వరుడు ఏరు దాటుతున్నాడు దేవరా! గుర్రాలతో!"

"ఓహోహో! సరిగ్గా కోటకు దిక్కు లేకుండా పోయిన ఘడియకే!" అని వెనకనుంచి ఒక గొంతు లేచింది. ఆయన గవరయ, విస్సమ నాయకుడి మేనబావ, ఆయనా లెంకే. చావు ముందు కూడా వెటకారం మానని మనిషి. "ఏం ముహూర్తం, ఏం ముహూర్తం! మంత్రిగారూ, మాకు చావూ వాళ్ళకు దండయాత్రా ఒకే లగ్నంలో పెట్టారే!"

"నోరు మూయుము!" అన్నాడు సూరపామాత్యుడు.

"మూస్తాను. పొద్దుగుంకాక ఎలాగూ మూతబడేదేగా. ఒక్క సందేహం తీర్చండి. మునుపు ఇదే శత్రువుకు కోట గుట్టు చేరవేశారని సభవారు తమకు కొరత వేసి చంపే శిక్ష విధించారు, గుర్తుందా? పెద్దరాజు జాలిపడి, క్షమించితిమని ఆజ్ఞ ఇచ్చారు. మరి ఆ ఆజ్ఞ?"

మంత్రి మొహం సున్నం కొట్టినట్టయింది. "అది... అది వేరు సంగతి!"

"వేరెలా అవుతుంది? ఒక్కటీ మిగలకుండా అన్నారు కదా. రెండో చెంబు పోసింది తమరే కదా!"

ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడటమంటే అదీ! భటులు మంత్రి రెక్కలు విరిచిపట్టి ఈడ్చుకుపోతూంటే రైతుల్లో ఒక్కడైనా అయ్యో అనలేదు.

కొమ్మభూపతి సింహాసనం దిగి వచ్చాడు. "దండనాయకా, మోసపోయితిమి. నీ సంగతి మాత్రం వెనక్కి తీసుకొందుము. కోట కాపాడుము."

"నా సంగతి మాత్రమా!" విస్సమ నాయకుడి మీసం అదిరింది. "కత్తి అవసరం పడ్డది గనుక కత్తి పట్టేవాడి మీది ఆజ్ఞ తీస్తారు. నాగలి పట్టేవాడి మాటేమిటి? వద్దు ప్రభూ. పొద్దుగుంకే లోపల చావవలెనన్నారు, చస్తాం. ఎక్కడ చావాలన్నది మా ఇష్టం. మీరు మాత్రం గోడ ఎక్కి చూడండి. ఆజ్ఞ ఇచ్చినవాడు దాని ఫలమూ చూడాలి."

కోట తలుపులు తెరుచుకున్నాయి. లెంకలు నుదుట విభూతి పెట్టి, కవచాలు విప్పి అక్కడే పారేశారు. చావబోయేవాడికి కవచమెందుకు? వరిమళ్ళ గట్ల మీద గుర్రాలు దౌడు తీశాయి. ఏటి ఒడ్డున, సగం సేన నీళ్ళలోనూ సగం ఒడ్డు మీదా ఉన్న అదునులో, శత్రువు మీద పిడుగుల్లా పడ్డారు. ప్రాణం దాచుకునేవాడితో ఎవడైనా పోరాడగలడు. ప్రాణం పారేయడానికొచ్చినవాడితో ఏం పోరాడతాడు? విస్సమ నాయకుడు మండలేశ్వరుడి ఏనుగును అడ్డగించి, ఈటెతో మావటిని కూల్చాడు. ఏనుగు బెదిరి వెనుదిరిగి సొంత గుర్రాలనే తొక్కుకుంటూ ఏట్లోకి పరిగెత్తింది. దాంతో నల్లవాగు సేన చెల్లాచెదురైంది. ఆ తొక్కిసలాటలోనే ఎవడిదో బల్లెం ఆయన డొక్కలో దిగింది.

పొద్దు ఇంకా బారెడు ఉంది. కొమ్మభూపతి కాలికి చెప్పులైనా లేకుండా కోట దిగి పొలాల వెంట పరిగెత్తుకొచ్చాడు. లెంకలు ఏటి ఒడ్డు నుంచి మోసుకొచ్చిన విస్సమ నాయకుడు, కోటకు కూతవేటు దూరంలో గట్టుకు చేరగిలి కూర్చుని ఉన్నాడు. గవరయ తన తలపాగా విప్పి గాయానికి అదిమిపట్టాడు.

"అన్నీ తీసుకొంటాను తాతా," అన్నాడు రాజు మోకాళ్ళ మీద పడి. రాజరికపు మాటతీరంతా ఎటు పోయిందో పోయింది. "ఒక్కటి కాదు, అన్నీ!"

"నా చెవిలో కాదు," అన్నాడు విస్సమ నాయకుడు పళ్ళ బిగువున. "ఎవరి ముందు ఇచ్చావో వాళ్ళ ముందు చెప్పు."

రాజు మళ్ళీ పరుగున గోడ ఎక్కాడు. కిరీటం తీసి రాతిమీద పెట్టాడు. డప్పు మోగించి, తాను ఇచ్చిన వరుసనే ఒక్కొక్క ఆజ్ఞా పేరుపేరునా రద్దు చేశాడు. పొలాలన్నీ మారుమోగాయి. ఆ సందడిలోనే కిందికి దూకినంత పని చేసి, వగరుస్తూ గట్టు దగ్గరికి వచ్చాడు.

విస్సమ నాయకుడి కళ్ళు తెరిచే ఉన్నాయి. గవరయ చెయ్యి మాత్రం గాయం మీదినుంచి తీసేశాడు.

"విన్నాడా?" అన్నాడు రాజు.

"విన్నాడు దొరా. చెరువు పన్ను మాట రాగానే ఊఁ అన్నాడు. రేవు సుంకానికీ ఊఁ అన్నాడు. ధాన్యం మాటకు నా వేలు నొక్కాడు." గవరయ తలెత్తి రాజు కళ్ళలోకి చూశాడు. ఈసారి ఆ గొంతులో వెటకారం లేదు. "లెంకల సంగతి చివర్న పెట్టావు కదా. దానికి ఊఁ అనేవాడు లేకపోయాడు."