అక్షయ చెరిపేసిన పాటలు

శేఖర్ మామ చివరి స్క్రూ బిగించి, కంప్యూటర్ డబ్బా మీద చేత్తో తట్టాడు.

"అయిపోయిందక్కా. పాత హార్డ్ డిస్క్ నాలుగు జీబీ, ఇది నలభై. ఇంక ఊరందరి పాటలూ ఎక్కించుకో."

శేఖర్ అక్షయ వాళ్లమ్మకు తమ్ముడు. నంద్యాలలో కంప్యూటర్లు బాగుచేసే షాపు పెట్టుకున్నాడు. అతను ఆళ్లగడ్డకు వచ్చాడంటే అక్షయ పక్క వదలదు.

"పాతదాన్ని ఏం చేస్తావ్ మామా?"

"షాపుకు పోతానే తుడిచేసి ఇంకో సిస్టమ్‌కు పెడతా. దాంట్లో ఉండేవన్నీ దీంట్లోకి ఎక్కించినా గదా." మామ బ్యాగు భుజాన వేసుకుని అమ్మవైపు తిరిగాడు. "అక్కా, తెలుగు ఫాంట్ల సీడీ మర్చొచ్చినా. రేపొచ్చి వేస్తా. అంతవరకూ నీ తెలుగు ఫైళ్లు సరిగ్గా కనపడవు."

అక్షయ ఆ మాట వినలేదు. ఇంత ఖాళీ జాగాలో ఏయే గేములు పడతాయా అని ఆలోచిస్తోంది.

మామ బస్సుకు, అమ్మ కూరగాయలకు వెళ్లారు. అక్షయ కుర్చీ ముందుకు లాక్కుంది. కొత్త డిస్క్‌లో ఏమేం ఉన్నాయో ఒక్కొక్కటే తెరిచి చూసింది. ఒక ఫోల్డర్‌లో ఫైళ్లు చాలా ఉన్నాయి. మొదటిది తెరిచింది. తెరనిండా పిచ్చి గీతలు, బ్రాకెట్లు, విరిగిన ఇంగ్లీషు అక్షరాలు. రెండోదీ అంతే. పదోదీ అంతే.

వైరస్ పడితే అక్షరాలు ఇలాగే అయిపోతాయని క్లాసులో ఎవరో చెప్పారు. కొత్త డిస్క్‌కు అంటుకుంటే ఇంకేముంది?

మామ నేర్పినట్టే, చెత్తబుట్టలో కూడా మిగలకుండా షిఫ్ట్ నొక్కిపట్టి డిలీట్ కొట్టింది. ఫోల్డర్ మాయమైంది. కంప్యూటర్‌ను తనే కాపాడినట్టు అనిపించింది. గేముల సీడీ తీసి పెట్టబోతుంటే అమ్మ వచ్చింది.

"జరుగు పాపా, పాటలన్నీ వచ్చినాయో లేదో చూస్తా."

అమ్మ వెతికింది. మళ్లీ వెతికింది.

"ఏందీ, నా ఫోల్డరే లేదే."

తను తీసేసింది ఆ ఫోల్డరేనని అక్షయకు అర్థమైంది. ఏ పుస్తకంలోనూ లేని పాటలవి. చర్చి పెద్దవాళ్లు ఇంటికొచ్చి కూర్చుని పాడుతుంటే, అమ్మ వేసవంతా నేరుగా కంప్యూటర్‌లో టైపు చేసింది. వచ్చే నెల పండుగకు పుస్తకం వేయాలి. కాగితం మీద ఒక్క ముక్కా లేదు.

అమ్మ షాపుకు ఫోన్ చేసింది. మామ అప్పటికే చేరి పనిలో పడినట్టున్నాడు.

"శేఖరూ, నా పాటలు ఎక్కించినావా లేదా?... మరి ఈడ లేవు గదరా... పాత డిస్క్‌లో చూడు... తుడిచేసినావా?"

"నిన్ను నమ్మి ఇచ్చినా కదరా."

ఫోన్‌లోంచి మామ మాట అక్షయకు వినపడింది. "ఎక్కించినాననే అనుకుంటి అక్కా. యాడో నేనే తప్పు చేసింటా."

అక్షయ అమ్మ కొంగు పట్టుకుంది.

"మామ ఎక్కించినాడమ్మా. నేనే తీసేసినా."

అమ్మ ఆమెను కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

"అక్షరాలన్నీ పిచ్చిపిచ్చిగా ఉంటే వైరస్ అనుకున్నా."

అమ్మ ఫోన్ ఆమె చేతికిచ్చింది. అక్షయ మామకూ అదే చెప్పింది.

"వైరస్ కాదే, ఫాంటు లేక అట్ల కనపడినాయి. తీసేసినాక ఏమన్నా ఎక్కించినావా?"

"లేదు మామా. గేములు వేయబోతాంటే అమ్మొచ్చింది."

"వేయొద్దు. ఇప్పుడే ఆపేయ్. తీసేసిన ఫైలు, దాని జాగాలో ఇంకోటి వచ్చి కూచునేదాకా ఆడనే ఉంటాది. నాలుగు గేములు వేసినాక చెప్పింటే నా చేత కూడా అయ్యేది కాదు."

ఆ రాత్రి అమ్మ మామూలుగానే అన్నం పెట్టింది. తిట్టి ఉంటే బాగుండేదని అక్షయకు అనిపించింది.

మర్నాడు మామ మొదటి బస్సుకే వచ్చాడు. కంప్యూటర్ ముందు మధ్యాహ్నం దాకా కదలకుండా కూర్చున్నాడు. పాటలు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. ఫాంట్ వేయగానే పిచ్చి గీతలు చక్కటి తెలుగు అక్షరాలయ్యాయి. ఆ పెద్దవాళ్లలో ఒకరైన మత్తయి తాత పాట మాత్రం రాలేదు; కంప్యూటర్ తనంతట తాను రాసుకున్నదేదో దాని జాగాలో కూర్చుంది. వాళ్లమ్మ మిరపచేలో కలుపు తీస్తూ కట్టుకున్న పాట అది.

"ఆయప్పకు ఇప్పుడు ఒకటే దగ్గు" అంది అమ్మ. "మళ్లీ పాడమని ఏ ముఖం పెట్టుకుని అడిగేది?"

అక్షయ ఒక తెల్లకాగితం, పెన్సిలు తీసుకుని బయటికి నడిచింది.

మత్తయి తాత అరుగు మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తున్నాడు. "జయమ్మ కూతురివి గదా. ఏం పాపా, ఇంత ఎండలో?"

"తాతా, మీ పాట కంప్యూటర్‌లోంచి నేనే చెరిపేసినా."

తాత చేతులు ఆగిపోయాయి. "మా అమ్మ పాటనా? మొత్తమా?"

"మొత్తం."

"మీ అమ్మ పంపించిందా?"

"లేదు తాతా. నేను వచ్చినట్టు అమ్మకు తెలీదు."

తాత శనక్కాయల చేట పక్కకు జరిపి చోటిచ్చాడు. "కూచో. నాకు దగ్గొస్తే ఆగాల."

గొంతు సవరించుకుని పాట ఎత్తుకున్నాడు.

"గుంటక తోలిన చేనల్లే, నా గుండె మెత్తన చెయ్యి తండ్రీ..."

అక్షయ పెన్సిలు మొదటి మాట దగ్గరే నిలిచిపోయింది.

"తాతా, గుంటక అంటే ఏంది?"

"అదో, ఆ గోడకు ఆనించిందే. చేను చదును చేసేది."

అక్షయ లేచి వెళ్లింది. దుమ్ము పట్టిన కొయ్యను, దాని కింద ఇనుప పలకను వేలితో తడిమి చూసింది. తిరిగొచ్చి కూర్చుని, అప్పుడు రాసింది.