నిండుగా తిరిగొచ్చే సీసా

పొద్దున్నే వంటింట్లో అత్తగారు చేసే మొదటి పని, నిన్న కోడలు ఇంటికి తెచ్చిన నీళ్ల సీసా మూత తీసి చూడటం. రెండో పని సణగడం. కాచి చల్లార్చి, గొంతు దాకా నింపి ఇచ్చిన నీళ్లు సాయంత్రానికి చుక్క తగ్గకుండా తిరిగొస్తాయి మరి.

"మళ్లీ అలాగే తెచ్చింది మహాతల్లి," అంటూ ఆ నీళ్లు బకెట్లోకి ఒంపింది. "మన నీళ్లని బస్సెక్కించి ఊరు చూపించి తీసుకొస్తోంది. తాగడానికి మాత్రం నోరు రాదు."

"అక్కడ ఫిల్టరు నీళ్లుంటాయేమోనే అమ్మా," అన్నాడు కొడుకు, గోడకి చేరబడి టీ తాగుతూ. ఇళ్లకి రంగులేసే పని అతనిది. నెలలో సగం రోజులు పనుంటుంది, మిగతా సగం రోజులు జోకులుంటాయి. "కంపెనీ నీళ్లు తాగితే రంగు తేలుతారట."

"నువ్వు నోర్ముయ్. ఆ కంపెనీ నీళ్ల సంగతి నాకు చెప్తావా?"

కోడలు వినీ విననట్టే జుట్టు ముడేసుకుంది. కడుపు బయటపడకుండా తన కొలతకంటే పెద్ద కంపెనీ కోటు తొడుక్కుంది. కడుపుతో ఉన్నవాళ్లని కుట్టు మిషను మీదనుంచి దింపేసి దారాలు కత్తిరించే బల్ల దగ్గర కూర్చోబెడతారు. ఆ బల్ల దగ్గర్నుంచి మళ్లీ మిషను దగ్గరకొచ్చినవాళ్లు లేరు. నేరుగా ఇంటికే.

"వస్తానత్తయ్యా."

"సీసా పెట్టుకున్నావా?"

"పెట్టుకున్నాను."

"ఇవాళైనా తాగి చావు," అంది అత్తగారు. ఆవిడ ముద్దు మాటలన్నీ ఇంచుమించు ఇలాగే ఉంటాయి.

అత్తగారిని వీధిలో అందరూ మెరుపు అంటారు. ఆ పేరు ఎంతగా అతుక్కుపోయిందంటే, అసలు పేరుతో పిలిస్తే ఆవిడే వెనక్కి తిరిగి చూడదు. ముందు గదిలో తలుపు తీయగానే కనపడేచోట ఒక ఫోటో ఉంది. అందులో కోటు వేసుకున్న విదేశీయుడొకడు ఆవిడ చెయ్యి పట్టుకుని ఊపుతున్నాడు. ఆవిడ కళ్లు మూసుకుపోయాయి గానీ మొహం మాత్రం వెలిగిపోతోంది. ఇంటికి ఎవరొచ్చినా, ఆఖరికి గ్యాసు బండ తెచ్చినవాడికైనా సరే, ఆ ఫోటో కథ విననిదే బయటపడే దారి లేదు.

కథ పెద్దదేం కాదు. ఊరి చివర చొక్కాలు కుట్టే విదేశీ కంపెనీ వెలిసినప్పుడు, మగవాళ్లని వద్దని ఆడవాళ్లనే తీసుకున్నారు. వేళ్లు సన్నగా ఉంటాయనీ, గొంతు పైకి లేవదనీ. రెండోది ఎవరు చెప్పారోగానీ ఈవిడ గొంతు వాళ్లు విన్నట్టు లేదు. మొగుడు పోయి, పిల్లాడిని పెట్టుకుని ఒకరింట్లో అంట్లు తోముకునే మనిషి ఆ కంపెనీ జీతంతోనే తలెత్తుకుంది, ఇల్లు కట్టింది, కొడుకుని చదివించాలనుకుంది. వాడే చదవలేదు. కాలరు కుట్టడంలో ఆవిడంత చురుకైన చేతులు ఆ షెడ్డులో మరొకరికి లేవు.

ఒకరోజు పెట్టుబడి పెట్టే పెద్దలు విదేశం నుంచి చూడటానికొచ్చారు. ముందురోజే మేనేజరు పిలిచి చెప్పాడు. "వాళ్లకి నచ్చితే రెండో షెడ్డు కడతారు. ఇంకో ఐదొందలమంది ఆడవాళ్లకి పని దొరుకుతుంది. నీ చేతుల్లోనే ఉందమ్మా." ఆ మాటతో ఈవిడ గాల్లో తేలిపోయింది. మర్నాడు ఒకాయన పక్కన గడియారం పట్టుకుని నిలబడితే, గంటసేపు తల ఎత్తకుండా కుట్టింది. ఆయన నవ్వేకొద్దీ ఇంకా వేగం పెంచింది. గంట అయ్యాక ఆయన చెయ్యి పట్టుకుని ఊపుతుంటే తీసిందే ఆ ఫోటో. రెండో షెడ్డు వచ్చింది. ఆ షెడ్డులోనే ఇప్పుడు కోడలు కాలర్లు కుడుతోంది.

తర్వాత కొన్నేళ్లకి కుడిచేతి బొటనవేలు వంగడం మానేసింది. కంపెనీ ఒక శాలువా కప్పి ఇంటికి పంపింది. ఆ సంగతి మాత్రం గ్యాసు బండవాడికి చెప్పదు.

కోడలు నిదానం మనిషి. మాటా నిదానమే, నడకా నిదానమే. అదే అత్తగారికి మింగుడుపడదు. సాయంత్రం గడపలో కాలు పెట్టగానే, "ఇవాళైనా అందుకున్నావా టార్గెట్టు?" అని అడుగుతుంది. "లేదత్తయ్యా" అంటే ఆ పూట ఇంట్లో గిన్నెలకి మూడినట్టే.

ఆ వారం ఊళ్లో ఒక వార్త గుప్పుమంది. కంపెనీ మరో దేశానికి వెళ్లిపోతుందట, అక్కడ ఇంకా చవగ్గా కుడతారట. ముందుగా ఒక లైను తీసేస్తారనీ, టార్గెట్టు అందుకోలేక బోర్డు మీద పేరు పడ్డవాళ్లే ముందు పోతారనీ అనుకున్నారు. కొడుక్కి ఆ నెల రంగుల పని లేదు. పుట్టబోయే బిడ్డ ఉంది. ఆ ఇల్లు నిలబడింది కోడలి మిషను మీదే.

ఆ సాయంత్రం కోడలు గోడ పట్టుకుని లోపలికొచ్చింది. మొహం పాలిపోయి ఉంది. అత్తగారు మొహం చూడలేదు, సంచీలోంచి సీసా తీసింది. నిండుగా ఉంది.

"నిలబడు," అంది. "నా చేతి నీళ్లు అంత చేదా? విషమేమైనా కలిపి ఇస్తున్నానా? ఒక్క గుక్కకి కూడా పనికిరానా నేను?"

"అమ్మా, వదిలెయ్. అలిసిపోయి వచ్చింది," అన్నాడు కొడుకు.

"నువ్వు మధ్యలో రాకు. మేమూ కడుపుతో ఉండి పనిచేశాం. మేమూ అలిసిపోయాం. ఇంత పొగరు మాత్రం లేదు."

కోడలు చాపమీద కూలబడింది. తర్వాత నిదానంగానే అంది.

"చేదు కాదత్తయ్యా. తాగితే లేవాల్సొస్తుంది."

"లేస్తే?"

"బాత్రూముకి లేవాలంటే చెక్కబిళ్ల కావాలి. లైను మొత్తానికి ఒక్కటే బిళ్ల. సూపర్‌వైజరు బల్ల మీద ఉంటుంది. ఒకరు పట్టుకెళ్తే వాళ్లు తిరిగొచ్చేదాకా ఇంకొకరు లేవకూడదు. నేను వెళ్లొచ్చేలోపు నా ముందు కాలర్లు కుప్పపడతాయి. ఆ కుప్ప తీరకపోతే బోర్డు మీద పేరు పడుతుంది. అందుకని లైన్లో ఎవరం నీళ్లు తాగం. పెదాలు తడుపుకుంటాం, అంతే."

"మా రోజుల్లో కుండ పక్కనే ఉండేది. దాహమేస్తే లేచి తాగేవాళ్లం, వెళ్లాల్సొస్తే వెళ్లేవాళ్లం. అయినా కుట్టలేదా మేం?"

"గంటకి ఇన్ని కాలర్లన్న ఇప్పటి లెక్క అప్పుడు లేదు కదా. ఆ లెక్క మీదేనత్తయ్యా. ఆ గడియారం ఆయన రాసుకెళ్లిందే." కోడలు కోటు గుండీలు విప్పుకుంది. "అక్కడ దాన్ని టార్గెట్టు అని కూడా అనరు. మెరుపు అంటారు. 'మెరుపు అందుకున్నావా ఇవాళ?' అని అడుగుతారు. అందుకోలేనివాళ్లు ఏడుస్తూ ఏమంటారో మీకు చెప్పలేను. ఆ చేతులు పడిపోనూ అంటారు. కొత్త పిల్లలకి అది ఒక మనిషి పేరని కూడా తెలీదు. నేను ఆ మనిషి కోడల్నని ఇంతవరకూ అక్కడ ఒక్కరికీ చెప్పలేదు."

కొడుకు ఫోటో వైపు చూసి చప్పున తల తిప్పుకున్నాడు. జోకు వేయడానికి ఏదీ దొరకలేదు.

"చేతకానితనం నీది, తిట్లు నాకా?" అంది అత్తగారు. గొంతు పైకే లేచింది గానీ అందులో పస లేదు. "నా పేరు చెప్పుకోడానికి సిగ్గా? ఆ షెడ్డు నా చేతుల మీద లేచింది. తెలుసా నీకు?"

"తెలుసు. అందుకే ఇన్నాళ్లూ నోరు మూసుకున్నాను," అని కోడలు కళ్లు తుడుచుకుంది.

అన్నం ఎవరికీ సహించలేదు. మర్నాడు పొద్దున్న కోడలికి ఒళ్లు కాలిపోతోంది. "వెళ్లకు," అన్నాడు మొగుడు. ఇవాళ మానేస్తే పేరు బోర్డెక్కుతుందని ఆమె జుట్టు ముడేసుకుని లేచింది. సీసా ఎవరు నింపారో, నింపారో లేదో, అత్తగారు అటు చూడలేదు. పంతం అలాంటిది.

కోడలు కంపెనీకి, కొడుకు పని వెతుక్కోడానికి వెళ్లాక ఆవిడ ముందు గదిలో కూర్చుంది. చేతకానితనమని కోడల్ని అన్నది గానీ, గడియారం ఆయన వచ్చిన రోజు సంగతులు ఒక్కొక్కటే గుర్తుకొచ్చి నిలవనివ్వలేదు. ముక్కలు అందించడానికి కుడిపక్క ఒక పిల్లని కూర్చోబెట్టారు. దారాలు కత్తిరించడానికి ఎడమపక్క మరో పిల్లని పెట్టారు. కింది దారం బాబిన్లన్నీ ముందే చుట్టి ఉంచారు. సూది కొత్తది, అడిగి మరీ వేయించుకుంది. మామూలు రోజున ఇవన్నీ తనే చేసుకోవాలి. దారం తెగితే తనే ఎక్కించుకోవాలి, కట్ట విప్పి తనే సర్దుకోవాలి. ఆ రోజు తను చేసింది కుట్టడం ఒక్కటే. అదీ ఒక్క గంట. ఆ గంట అయ్యాక వేళ్లు వంకర్లు పోయి, సాయంత్రం దాకా సరిగ్గా ఏదీ పట్టుకోలేకపోయింది. గడియారం ఆయన ఆ గంటని పూటగా, పూటని ఏడాదిగా లెక్కకట్టుకుని పోయాడు. ఇన్నేళ్లుగా గొప్పగా చెప్పుకున్న కథలో ఆ ఇద్దరు పిల్లల మాట ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు. దాచాలని కాదు, అక్కర్లేదనుకుంది.

కోడలు రాగానే చెప్పాలి, తప్పు నాదేనని చెప్పాలి అనుకుంటూ ఆవిడ లేచి సీసా కోసం చూసింది. వంటింటి గట్టుమీద ఖాళీగా ఉంది. కోడలు ఈసారి సీసా తీసుకెళ్లనే లేదు.

మధ్యాహ్నం కొడుకు పరుగెత్తుకుంటూ వచ్చాడు. "అమ్మా, మిషను మీదే పడిపోయిందట. ఆసుపత్రికి తీసుకెళ్లారట, పద."

ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్న గొంతుతో చెప్పింది. ఎన్నాళ్లుగానో నీళ్లు తాగక, మూత్రం ఆపుకుని ఆపుకుని, లోపల చీము పట్టింది. జ్వరం తలకెక్కింది. తల్లికి ప్రాణగండం తప్పింది గానీ, కడుపు నిలవలేదు.

కొడుకు గోడకి తిరిగి నిలబడిపోయాడు. అత్తగారికి ఏడవాలని ఉంది, ఏడుపు రాలేదు.

వార్డు బయట బల్లమీద కంపెనీ సూపర్‌వైజరు కూర్చుని ఉంది. కోడల్ని ఆసుపత్రికి తెచ్చింది ఆమే. అత్తగారిని చూసి లేచి నిలబడింది. "పిన్నీ, ఈమె నీ కోడలా? నాకు తెలీదు. ఒట్టు, ఎవరూ చెప్పలేదు."

అత్తగారు ఆమెని గుర్తుపట్టింది. కుడిపక్క కూర్చున్న పిల్ల.

"ఆ రోజు నాకు ముక్కలందించింది నువ్వే కదే."

"నేనే పిన్నీ."

"మరి ఆ లెక్క దొంగలెక్కని నీకు తెలుసుగా? ఒక మనిషి లెక్క కాదు, ముగ్గురి లెక్కని తెలుసుగా? ఇన్నేళ్లూ ఆ పిల్లల నెత్తిన ఎలా పెట్టావే దాన్ని?"

"తెలుసు. నీకు మాత్రం తెలీదా?" సూపర్‌వైజరు కళ్లు దించుకుంది. "చెప్తే ఎవరు వింటారు పిన్నీ? నా బల్ల నాకుండదు, అంతే. లెక్క తగ్గిస్తే ఇంకో దేశం పోతామంటారు. నాకూ పిల్లలున్నారు."

"నన్ను తీసుకెళ్లు. నేను చెప్తాను."

"ఎవరికి చెప్తావు? ఆయన ఎప్పుడో వెళ్లిపోయాడు. ఇప్పుడున్నవాళ్లకి నువ్వెవరో తెలీదు. మెరుపు అంటే వాళ్లకి బోర్డు మీద అంకె."

అత్తగారు లోపలికెళ్లి మంచం పక్కన కూర్చుంది. కోడలు కళ్లు తెరిచి పైకప్పు చూస్తోంది. డాక్టరమ్మ ఆమెకి అంతా చెప్పినట్టే ఉంది.

"నేనిన్ని రోజులూ నిన్ను దెప్పి పొడిచాను," అంది అత్తగారు. "నీ నోటిముందు నీళ్లు లాక్కుంది నేనేనమ్మా. నా బిడ్డ బిడ్డని నా చేతులే..." మాట పూర్తి కాలేదు. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడొచ్చింది. బొటనవేలు వంగని చేత్తో మొహం దాచుకోబోయి, అదీ సరిగ్గా చేతకాక, అలాగే అందరి ముందూ ఏడ్చింది.

కోడలు తల తిప్పి ఆవిడ వైపు చూసింది. క్షమించానని అనలేదు. చివరికి చెయ్యి చాచి ఆవిడ కొంగు పట్టుకుంది. "ఆ షెడ్డు లేకపోతే నాకు పని ఎక్కడిది అత్తయ్యా," అంది. "ఎవరిని తిట్టుకోవాలో నాకూ తెలీట్లేదు." ఆ తర్వాత ఆమె కూడా ఏడ్చింది.

అత్తగారు గ్లాసులో నీళ్లు పోసి, తల కింద చెయ్యి పెట్టి తాగించింది. ఒక గ్లాసు, మళ్లీ ఇంకో గ్లాసు. కోడలు గుటకలు వేస్తుంటే పసిపిల్లని చూసినట్టు చూస్తూ కూర్చుంది. కాసేపటికి కోడలు ఇబ్బందిగా కదిలింది. నర్సు బల్లవైపు చూపు పోయింది, అక్కడ ఏదో వెతుకుతున్నట్టు.

"ఏం కావాలి?"

"వెళ్లాలి అత్తయ్యా," అంది గొంతు తగ్గించి, తప్పు చేసినదానిలా.

"అక్కడ బిళ్లేమీ లేదు. లే."

భుజం పట్టుకుని వరండా చివర బాత్రూము దాకా నడిపించింది. కోడలు అలవాటు కొద్దీ తడబడుతూ అడుగులు తొందరగా వేయబోయింది. "మెల్లగా," అంది అత్తగారు. "తొందరేం లేదు." ఆ మాట ఆవిడ నోట ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు.

తలుపు మూసుకున్నాక ఆవిడ బయట నిలబడింది. వెనకాల ఒకరిద్దరు ఆడవాళ్లొచ్చి చేరారు. కాసేపు చూసి అందులో ఒకావిడ విసుక్కుని తలుపు కొట్టబోయింది. ఆ కంపెనీ కోటే వేసుకుని ఉంది, ఏ లైనునుంచి వచ్చిందో.

మెరుపు తలుపుకి అడ్డంగా నిలబడి చెయ్యి చాపింది.

"లోపల నా కోడలుంది," అంది వరండా అంతా వినపడేలా. "ఎంతసేపైనా పడుతుంది. ఆగండి."